మూత కొట్టకముందే

రబ్బరు పైపు ఒక కొనను బుల్లెట్ బండి ట్యాంకులోకి దింపి, రెండో కొనను నోట పెట్టుకుని జీవరాజు గాలి లాగాడు. పెట్రోలు నాలుకకు తగిలేలోపే పైపు తీసి క్యానులోకి తిప్పడం అతనికి అలవాటే. కానీ ఈ మధ్య ఊపిరి చాలక ఒక చుక్క గొంతులోకి పోతూనే ఉంది. ఉమ్మేసి, తువ్వాలు అంచుతో పెదాలు తుడుచుకుని, క్యానులో పడుతున్న సన్నటి ధారను చూస్తూ నిలబడ్డాడు. ఓడ ఎక్కే బండిలో పెట్రోలు ఉండకూడదు. బ్యాటరీ తీగలు విప్పి ఉండాలి. టైరు గాళ్ళలో మట్టి ఉండకూడదు. దేశం దాటే వస్తువు ఏదైనా ముందు ఈ ఊరి సరుకంతా దింపుకోవలసిందే.

నాగేందర్ గోదాము కంఠేశ్వర్‌లో, క్లినిక్కుల వరసకు వెనక సందులో ఉన్న రేకుల షెడ్డు. ఒకప్పుడు అందులో పసుపు నిలవ చేసేవారు. ఇప్పటికీ ఎండ ముదిరితే గోడలు పసుపు వాసన వేస్తాయి. పసుపు ఒక ఏడు లేపుతుంది, ఒక ఏడు ముంచుతుంది. మనుషులు ఊరు విడిచిపోవడం మాత్రం ఏ ఏడూ తగ్గదు అని నాగేందర్ తొందరగానే పసిగట్టాడు. పోయినవాళ్ళ వెనక పోయే సామాన్ల మీద వ్యాపారం పెట్టాడు. గ్రైండర్లు, తబలాలు, టేకు మంచాలు, అప్పుడప్పుడు మోటారు సైకిళ్ళు. వాటికి పెట్టెలు కొట్టేది జీవరాజు.

పొడుగు మనిషి. ఎప్పుడూ కిందికే చూసే పని కాబట్టి మెడ ముందుకు వంగి అలాగే నిలిచిపోయింది. చెవి వెనక పెన్సిలు. ఎడమ బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకు నల్లబడి, మళ్ళీ మొలిచి, మళ్ళీ నల్లబడింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో వడ్రంగిగా చేరినప్పుడు అతని మీసం ఇంకా సరిగా రాలేదు. గానుగ ఆడే కాలంలో సైరన్ కూతకు ఊరంతా లేచేది. చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా నిలిచేవి. మడ్డి వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఆ వాసన ఉన్నంతకాలం జీవరాజుకు ధర ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డ నాడు అతని చేతిపని ఏమీ తగ్గలేదు, కొనేవాడు లేకపోయాడు, అంతే. కొన్నాళ్ళు తలుపులు చేశాడు. తయారైన తలుపులు దుకాణాల్లోకి వచ్చాయి. తర్వాత మెథడిస్టు చర్చివాళ్ళకు శవపెట్టెలు చేశాడు. ఆ బేరానికి పోటీ లేదు గానీ గిరాకీని ఎవరూ కోరుకోరు. చివరికి ఈ షెడ్డు. చెక్క అదే, మేకులు అవే, లోపల పడుకునేది మాత్రం మారింది.

"జీవన్నా, నీ పెట్టెలు సక్కగ సొర్గానికి పోతయ్. పోర్టు మాత్రం దాటయ్." టీ గ్లాసుతో వచ్చిన నాగేందర్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు.

కిందటిసారి పెట్టె పోర్టులో ఆగింది. మోర్తాడ్ వైపు బండే. ఇంటివాళ్ళు మంచి జరగాలని సీటు కింద పసుపు కొమ్ముల మూట కట్టి దాచారు. జీవరాజు చూడలేదు. అక్కడ స్కానింగ్ మిషన్ చూసింది. పెట్టె పగలగొట్టారు, దానితో పాటు ఎక్కిన సామానంతా ఆపారు. ఆ దెబ్బకు నాగేందర్ ఇనుప ఫ్రేముల వాళ్ళతో మాట్లాడాడు. బోల్టులు బిగిస్తే చాలు, వడ్రంగి అక్కర లేదు. ఫోటోలు జీవరాజుకు కూడా చూపించాడు, దాచలేదు.

"గీ పెట్టె సాఫ్‌గ పోతే నువ్వే. ఆగిందా, ఇగ ఫ్రేములే. నా మీద కోపం పెట్టుకోకు."

"కోపమెందుకు సేటూ," అన్నాడు జీవరాజు. "బండి తప్ప లోపల ఈగ గూడ ఉండదు."

కోపం తెచ్చుకోగలిగే స్థితి అతనికి లేదు. పొద్దున బోధన్ నుంచి అతనితో పాటు బస్సు దిగిన భార్య ప్రిస్కిల్లా ఈపాటికి దవాఖానలో మంచం మీద, చేతికి గొట్టాలు పెట్టించుకుని పడుకుని ఉంటుంది. కిడ్నీలు ఆగిపోయాక ఆమె నెత్తురును మిషన్ కడుగుతోంది. మిషన్‌కు ఎవరూ డబ్బులు అడగరు. ఇంజెక్షన్లు మాత్రం బయట కొనుక్కోవాలి. ఈ షెడ్డు ఉన్నంతవరకు ఆ ఇంజెక్షన్లు ఉంటాయి. జీవరాజు చేతుల్లో ఉన్న లెక్క అంతే. చిన్న లెక్క కాబట్టి నిద్రలో కూడా తప్పడు.

బండి తుడవడానికి బ్రష్షు, తడిగుడ్డ తీసుకుని కింద కూర్చున్నాడు. చెరుకు పొలాల వైపు నుంచి వచ్చే బండికి మడ్గార్డు లోపల చెయ్యి పెడితే అరచేతి మందం మట్టి ఊడుతుంది. దీనికి ఊడలేదు. గుడ్డకు మరక కూడా అంటలేదు. చువ్వ చువ్వకూ నూనె రాసి తుడిచిన చెయ్యి ఎవరిదో ఉంది. మీటరు చూస్తే బండి నడిచింది తక్కువ. తిరగని బండిని ఇన్నేళ్ళు ఇంత శుభ్రంగా ఉంచారంటే, ఎవరో ఎవరి కోసమో ఎదురుచూశారన్న మాట. జీవరాజుకు ఆ ఆలోచన వచ్చింది, పోయింది. టైరు గాళ్ళు గీరడం మొదలుపెట్టాడు.

"అన్నా, గా ఎస్తరమ్మకు ఫోన్ కొట్టు," నాగేందర్ కాగితాలు తిరగేస్తూ అన్నాడు. "బండి దేశం పోయిన స్టీవెన్‌ది గని, ఆమె పేరు మీద ఉన్నది. ఆమె సంతకం లేకుంటే కదలది. ఆయన దోస్తు బండి తెచ్చి పడేసిండు, సంతకం ముచ్చట మరిచిండు."

"ఆమెకు ఏమైతడు స్టీవెన్?"

"తమ్ముడంట. సిన్నప్పటి సంది అక్కే సాదింది. మోర్తాడ్ల బీడీలు జేస్తది."

జీవరాజు షెడ్డు గడపలోకి వెళ్ళి ఫోను కలిపాడు. పక్క షాపులో గ్రైండింగ్ మిషన్ రొద పెడుతోంది. పేరును బట్టి మనవాళ్ళే అనుకుని, చర్చివాళ్ళతో మాట్లాడే అలవాటు గొంతుతోనే, మెల్లగా, గౌరవంగా మొదలుపెట్టాడు.

"వందనాలమ్మా. ఎస్తరమ్మనే గదా? నేను నిజామాబాద్ నుంచి జీవరాజును. పెట్టెలు చేసేటోన్ని."

రొద వినబడకుండా రెండో చెవి మూసుకున్నాడు.

"మీ తమ్ముని పెట్టె తయారయితున్నదమ్మా. మీరొచ్చి సంతకం పెట్టాలె. ఆధార్ కార్డు తెచ్చుకోండ్రి."

అవతల నుంచి సన్నగా ఒక మాట వచ్చింది. "ఒక్కపారి సూడనిస్తరా?"

ఇన్నేళ్ళు తుడిచిన బండి కదా, చూసుకోవాలని ఉంటుందనుకున్నాడు జీవరాజు. "ఎందుకు సూడనియ్యరమ్మా. జల్ది రాండ్రి. మూత కొట్టకముందే సూడొచ్చు."

అడ్రసు చెప్పి పెట్టేశాడు. అతను చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు. కానీ మోర్తాడ్, జక్రాన్‌పల్లి, ఆర్మూరు వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, దేశం పోయిన మనిషి పేరు పక్కన 'పెట్టె' అన్న మాట వస్తే దానికి ఒకటే అర్థం. ఎడారి దేశాల నుంచి శవంతో విమానంలో వచ్చే పెట్టె అది. సంతకం పెట్టి తీసుకుపోవాలి. ఆధార్ కార్డు చూపించాలి. కొన్నిసార్లు మూత తియ్యనిస్తారు, కొన్నిసార్లు తియ్యనివ్వరు. అలాంటి పెట్టెలను జీవరాజు ఎన్నో చూశాడు. చూసి కూడా, ఆ మాట తన నోట అలా పలుకుతుందని అతనికి తట్టలేదు. పెట్టెలు చేసేవాడికి పెట్టె ఒట్టి పెట్టే.

మధ్యాహ్నం దాకా అడుగు బల్ల బిగించాడు. బండి ముందు చక్రం విప్పి పక్కన కట్టాడు, హ్యాండిల్ వంచాడు, పట్టీలతో నాలుగు మూలలకూ లాగి కట్టాడు. చెక్క మీద కాల్చి వేసిన ముద్ర బయటికి కనబడేలా పలకలు తిప్పి పెట్టుకున్నాడు. బట్టీలో కాచి పురుగు చంపిన చెక్కకు వేసే ముద్ర అది. అది లేని చెక్కను ఓడ ఎక్కించుకోదు. మూడు వైపులా గోడలు లేచాయి.

నాలుగో గోడ పలకలు కోస్తుండగా షెడ్డు ముందు ఆటో ఆగింది. ఒక ఆడమనిషి దిగింది. బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడివేసింది. చేతిలో బట్టల దుకాణం సంచి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళ కొసలు మాసిపోయి ఉన్నాయి. వెంట ఎవరూ లేరు. ఏడ్వవలసింది దారిలోనే ఏడ్చేసినట్టు మొహం పొడిగా ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా పెట్టె దగ్గరికి వచ్చి బయటి పలక మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ పక్క నుంచి లోపలిది కనబడదు.

"గింత పెద్దదెందుకు చేసిండ్రన్నా," అంది చివరికి. "మావోడు పొట్టోడే గదా."

జీవరాజు చేతిలో రంపం ఆగింది. పొద్దున తను ఫోనులో అన్న మాటలు ఒక్కొక్కటే మళ్ళీ వినబడ్డాయి. పెట్టెలు చేసేటోన్ని. మీ తమ్ముని పెట్టె. మూత కొట్టకముందే.

"చెల్లె," అన్నాడు. "చెల్లె, ఇటు రా. ఇటు దిక్కు రా. నీ తమ్మునికి ఏం కాలే. మంచిగున్నడు. ఇది బండి పెట్టె. నీ బుల్లెట్ బండి. సూడు."

భుజం పట్టుకుని తెరిచి ఉన్న వైపుకు తిప్పాడు. ఆమె చూసింది. పట్టీల మధ్య బండి మోకాళ్ళ మీద కూర్చున్న ఎద్దులా ఉంది. ట్యాంకు మీద అంటించిన శిలువ బొమ్మను వేలితో తడిమింది.

"మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

"ఒట్టు?"

"దేవుని మీద ఒట్టు. నాదే తప్పు చెల్లె. నా నోరు పాడుగాను, ఒట్టి పెట్టె అని చెప్పిన."

ఎస్తర్ కిందనే, చెక్క పొట్టులో కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాగేందర్ కంగారుగా వచ్చి, సంగతి విని, తల పట్టుకుని తను కూడా నవ్వాడు. "జీవన్నా, నిన్ను ఫోన్ చెయ్యమన్న నాకు గావాలె చెప్పుదెబ్బలు," అన్నాడు. టీ తెప్పించాడు. కాసేపు ఆ షెడ్డులో పెళ్ళివారిల్లు లాంటి సందడి అయింది. పోయినవాడు తిరిగి వచ్చినంత లాభం ఇంకేముంటుంది.

టీ సగం తాగాక ఆమె అడిగింది. "మరి బండెందుకు కట్టిండ్రు? సర్వీసింగ్‌కని చెప్పి తీస్కపోయిండు గదా ఆని దోస్తు."

జీవరాజు నాగేందర్ వైపు చూశాడు. నాగేందర్ వ్యాపారి, అడిగిన దానికి ఉన్నది చెప్పడం అతని పద్ధతి.

"ఆడికే పోతున్నదమ్మా. మీ తమ్ముడు తెప్పించుకుంటున్నడు. పోర్చుగల్‌కు."

"గల్ఫే గదా. సెలవుల మీద ఎట్లైనా వస్తడు. గంత దూరం బండెందుకు?"

"గల్ఫ్ గాదమ్మా."

"పేరు సివర గల్ అనే ఉన్నది గదన్నా. ఆడే చెప్పిండు. బహ్రెయిన్ ఇడిసిపెట్టి పోర్చుగల్ పోయిన, గదొక గల్ఫ్ అని."

నాగేందర్ గ్లాసు కింద పెట్టాడు. "గది యూరప్. ఆడికి పోయినోళ్ళు కాయితాలయితే ఆన్నే ఉంటరు. ఈయన ఇల్లు తీసుకున్నడంట, పెండ్లి గూడ అయిందని దోస్తు చెప్పిండు. బండి తెప్పించుకునుడంటే..."

గల్ఫుకు పోయినవాడు తిరిగి వస్తాడు, తన కాళ్ళ మీదనో పెట్టెలోనో. ఆ లెక్క ఎస్తర్‌కు తెలుసు, ఆ వైపు అందరికీ తెలుసు. ఆ లెక్క మీదే ఆమె ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక బండిని తుడిచింది. ఇది మూడో దారి. దీనికి ఏడవాలో లేదో చెప్పే ఆచారం కూడా వాళ్ళ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ఆమె టీ పూర్తి చేసింది. కాగితం ఎక్కడుందని అడిగింది. చూపించిన చోట పేరు మొత్తం, అక్షరం అక్షరం రాసింది.

లేచి, సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన చొక్కా తీసింది. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు కత్తి అంచులా ఉన్నాయి. పై గుండీ దాకా పెట్టి ఉంది. "ఆడు పోయిన్నాడు తలుపుకు తగిలేసి మరిచిన అంగీ," అంది. "మూత తియ్యనియ్యకపోతే పైనన్న పెడుదామని తెచ్చిన. పెట్టెల పెట్టన్నా."

"అంగీ ఎందుకు చెల్లె, ఇంటికి తీస్కపో."

"ఇంట్ల ఉంటే మల్ల ఇస్త్రీ జెయ్యబుద్దయితది." కొంచెం నవ్వింది. "తెచ్చిందే పెట్టెల పెట్టనీకి. పెట్టు."

నాగేందర్ ఫోను మాట్లాడుతూ బయటికి పోయాడు. జీవరాజు చొక్కా అందుకుని బండి సీటు మీద పరిచినట్టు పెట్టాడు. ఆమె ఒంగి కాలరు సరిచేసింది. ముద్రలు ఉన్న పలకలను ఒకసారి, బండిని ఒకసారి చూసింది.

"వందనాలన్నా. నువ్వు ఫోన్ జేసినప్పుడు నీ గొంతు మంచిగనిపించింది. ఇసొంటి మనిషి చెప్తే నయమే అనుకున్న."

ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుని ఆర్మూరు బస్సు కోసం నడిచిపోయింది. ఆటో పిలుస్తానన్నా వద్దంది.

జీవరాజు నాలుగో గోడ ఎత్తాడు. మేకు పెట్టాడు, తీశాడు. చొక్కా బరువెంత? ఏమీ లేదు. పసుపు కొమ్ముల బరువు కూడా ఏమీ లేదు. కాగితంలో రాసింది బండి ఒక్కటే. మిషన్‌కు చొక్కా చొక్కాలా కనబడదు, రాయని వస్తువులా కనబడుతుంది. ఆమె ఇక ఎన్నటికీ ఈ పెట్టెను తెరిచి చూడదు; ప్రిస్కిల్లా చెయ్యి రేపు, ఎల్లుండి, ఆ పైన కూడా సూది అడుగుతుంది. తక్కెడకు ఒక పక్క ఒకరికి ఇచ్చిన మాట, ఇంకో పక్క ఇంకొకరి నెత్తురు. అతను చెయ్యి లోపలికి పెట్టి చొక్కా తీశాడు. నాగేందర్ చూడలేదు. తియ్యమని ఎవరూ చెప్పలేదు. ముడత పడకుండా తీసి, గోడకు తను టేపు తగిలించే మేకుకు తగిలించాడు. తర్వాత మూత కొట్టాడు. ప్రతి మేకూ సూటిగా దిగింది.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. పెట్టె ఎక్కింది. నాగేందర్ చుట్టూ తిరిగి, తట్టి, వంగి చూసి, ఫోటోలు తీసుకున్నాడు. లారీ మలుపు తిరిగాక జీవరాజు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది ఆగది. నేను చెప్తున్న గదా. గా ఫ్రేములోళ్ళకు ఒద్దని చెప్త తీయ్."

జీవరాజు తల ఊపాడు. చెక్క పొట్టు ఊడుస్తుండగా జేబులో ఫోను మోగింది. ఎస్తర్ నంబరు. ఎత్తితే మగగొంతు.

"నేను బస్సు కండక్టర్ను. ఈ ఫోన్ల లాస్ట్ మీ నంబరే ఉన్నది. ఎస్తర్ అనే అమ్మ మీకేమైతది?"

"ఏమైంది?"

"ఆడోళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకోని కిటికీ దిక్కు కూసున్నది. కండ్లు మూసుకుంటే పండుకున్నదనుకున్న. జక్రాన్‌పల్లి కాడ లేపితే లేవలే. దవాఖానకు తెచ్చినం. పానం పోయి శానసేపయింది అన్నరు. కార్డు మీద మోర్తాడ్ అని ఉన్నది. ఆమెకు ఎవ్వరున్నరు? మీరు సుట్టాలేనా?"

"సుట్టం గాదు. ఆమె తమ్ముని పెట్టె చేసిన."

"అయ్యో. తమ్ముడు గూడ పోయిండా?"

జీవరాజు చీపురు గోడకు ఆనించాడు. లారీ పోయిన సందు ఖాళీగా ఉంది.

"ఆఁ," అన్నాడు. "పోయిండు."

మోర్తాడ్ చర్చిలో పాస్టరుకు చెప్పమన్నాడు. ఫోను పెట్టాక ఇంకేదో చెప్పి ఉండవలసిందని అనిపించింది గానీ, ఏమిటో తెలియలేదు. గోడ పక్కన పలకలు మిగిలి ఉన్నాయి. చూపుతోనే కొలిచాడు, ఎస్తర్ సన్నటి మనిషి, పొట్టి మనిషి, సరిపోతాయి. అన్నీ ముద్ర వేసిన చెక్కలే, దేశం దాటే వాటి కోసం కాచినవి. ఒక పలక ఎత్తి, మళ్ళీ వరసలో పెట్టాడు.

బస్టాండులో ప్రిస్కిల్లా మోచేతికి దూది అదుముకుని కూర్చుని ఉంటుంది. బోధన్ బస్సుకు వేళయింది. చొక్కా తీసుకుందామని చెయ్యి చాచాడు. వేళ్ళు చూసుకున్నాడు, గ్రీసు, పెట్రోలు. చెయ్యి వెనక్కి తీసుకుని, షట్టరు లాగి తాళం వేశాడు.

లోపల మేకు మీద, కొలిచే టేపు పక్కన, పై గుండీ దాకా పెట్టిన తెల్ల చొక్కా వేలాడుతోంది; దాని ఇస్త్రీ మడత ఇంకా విడలేదు.